చక్రాల కుర్చీ, గడప దాటే ధైర్యం



చేత్తో తిప్పుకునే చక్రాల కుర్చీలో ఉన్న పెద్దవాళ్లు గుడికీ, పెళ్లికీ, బ్యాంకుకీ వెళ్లడం ఎందుకు మానేస్తారు? చేతుల్లో సత్తువ లేక అనుకుంటాం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 ఏళ్లు దాటినవారిని పరిశీలించి ఇంకో సంగతి కూడా గమనించారు. కుర్చీని నడపగలనన్న నమ్మకం ఎక్కువ ఉన్నవాళ్లే నలుగురిలోకీ ఎక్కువగా వస్తున్నారు.

ఆ నమ్మకం ఒట్టి మాటలతో రాదు. స్వయంగా చేసి గెలిచిన అనుభవమే దానికి అన్నిటికన్నా బలమైన మూలమని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశారు. తనలాంటి మనిషి చేస్తుండగా చూడటం కూడా ఆయన చెప్పిన దారుల్లో ఒకటి.

గడపనే తీసుకోండి. ముందున్న చిన్న చక్రాలు దానికి తగిలి ఆగిపోతాయి. పెద్ద చక్రాల అంచులు పట్టి ఒక్క ఉదుటున తోస్తే ఆ చిన్న చక్రాలు పైకి లేస్తాయి. కుర్చీ వెనక్కి ఒరుగుతుంది, గుండె ఝల్లుమంటుంది. అందుకే మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర, వెనక ఒకరిని నిలబెట్టుకుని నేర్చుకోవాలి. డెబ్బై ఏళ్లలోనైనా చాలామందికి ఇది సాధన చేయదగ్గ విద్యే.

అయితే బరువంతా వాళ్ల మీదే వేయడం అన్యాయం. ర్యాంపు కట్టేటప్పుడు అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల వాలు ఉండాలి. నిట్టనిలువు ర్యాంపు ఎంతటి ధైర్యవంతుణ్ణయినా ఇంట్లో కూర్చోబెడుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. మీ పెద్దాయన కుర్చీని అడగకుండా తోయకండి. సాయం కావాలా అని ముందు అడగండి.