గుడ్డులో మొదటి మూడు రోజులు



కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకి అటూ ఇటూ మెలితిరిగిన తెల్లని తాడులాంటిది కనిపిస్తుంది. "అదే పిల్లవుతుందిట" అంటూ చాలామంది తీసి పారేస్తారు. అది పిల్ల కాదు సుమండీ! పచ్చసొనను గుడ్డు మధ్యలో నిలిపి ఉంచే కట్టు మాత్రమే. పిల్ల తయారయ్యేది పచ్చసొన మీదుండే చిన్న తెల్లని మచ్చలోంచి. బజారులో దొరికే ఫారం గుడ్లు సాధారణంగా పుంజుతో కలవని పెట్టలవి కనుక, అందులో మచ్చ మచ్చగానే ఉండిపోతుంది.

పుంజుతో కలిసిన పెట్ట సంగతి వేరు. దాని కడుపులో గుడ్డుకి పెంకు కట్టే లోపలే ఒక కణం రెండై, రెండు నాలుగై, గుడ్డు పెట్టే వేళకు వేలకొద్దీ కణాల పలచని బిళ్ళ తయారవుతుంది. బయట చల్లగా ఉంటే ఆ పని అక్కడితో ఆగుతుంది. తల్లి పొదిగే వెచ్చదనం తగిలాకే మళ్ళీ సాగుతుంది. పదిరోజులపాటు రోజుకొకటిగా పెట్టిన గుడ్లు కూడా, పొదగేసిన 21వ రోజుకు ఇంచుమించు ఒకేసారి పిల్లలవడం అందుకే.

పొదిగిన మొదటి రోజునే ఆ బిళ్ళ మూడు పొరలవుతుంది. పై పొరనుంచి చర్మం, మెదడు. మధ్య పొరనుంచి గుండె, రక్తం, ఎముకలు. కింది పొరనుంచి పేగులు వస్తాయి. తర్వాత పై పొరలో సన్నని గాడి పడుతుంది. కజ్జికాయ అంచులు మనం కలిపి నొక్కినట్టే, దాని రెండంచులూ లేచి దగ్గరై గొట్టంలా మూసుకుంటాయి. అదే మెదడు, వెన్నుపాము. రెండో రోజు ముగియకముందే గుండె కొట్టుకుంటుంది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ పొదిగిన గుడ్లు పరిశీలించి, మూడు రోజులు గడిచాక రక్తపు చుక్కలా గుండె కదలడం గురించి రాశాడు.

ఇదంతా మనకెందుకంటారా? మన కడుపులో బిడ్డకూ ఇదే వరుస. ఆ గొట్టం, బిడ్డ కడుపున పడ్డ 28 రోజుల్లోపే మూసుకోవాలి. అంటే నెల తప్పిన రెండు వారాలకే! సరిగా మూసుకోకపోతే వెన్నులోనో మెదడులోనో లోపం మిగిలిపోతుంది. "మూడో నెల వచ్చాక డాక్టరమ్మకు చూపిద్దాంలే" అనుకునేసరికి ఆ ఘట్టం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఈ లోపాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. ఇదివరకు అలాంటి బిడ్డ కలిగిన తల్లులకు గర్భానికి ముందునుంచే ఈ మాత్రలిచ్చి చూస్తే, లోపం నూటికి 72 వంతులు తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వెల్లడించింది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇది ఉన్నా, ఉడికించేటప్పుడు కొంత పోతుంది. అంచేత బిడ్డ కావాలనుకున్న నెలకు ముందునుంచే, మూడో నెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు వైద్యులు. ముందు కాన్పులో ఇలాంటి లోపం కనిపించినవారికి మోతాదు ఎక్కువ కావాలి. అది డాక్టరే చెప్పాలి.

మీ ఇంట కొత్త కోడలుంటే, కూతురు కాపురానికి వెళ్తుంటే, సారెతోపాటు ఈ మాట కూడా చెప్పి పంపండి. శుభవార్త విన్నాక కాదు, వినకముందే చెప్పండి.