పెరటి వాటము

(మన సంఘ సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



దొడ్డబళ్ళాపురమున మగ్గమును నమ్ముకొన్న మన కుటుంబములకు ఇల్లే కార్ఖానా. కావున గోడకు తేమ యెక్కినచో నష్టము సున్నము రాలుటతో ఆగదు. గుంటమగ్గపు గోతిలో ఊట నిలుచును. పట్టు పడుగు చెమ్మపట్టి బిగువు తప్పును. తడినేలపై మరమగ్గపు మోటారు ప్రాణాపాయకరమగును.

2021 నవంబరులో దక్షిణ కర్ణాటకమున ఎడతెగక వానలు కురిసినపుడు మా ఇంటి వెనుకగోడ మోకాలెత్తు వరకు నానినది. పునాదియే చెడినదని భయపడితిమి. తీరా చూడగా లోపము పెరటిలో నుండెను. ఏండ్ల తరబడి చూరునీరు పడి గోడమొదట నేల కుంగినది. అవతలి నేల మెరకగా నున్నది. పెరటినీరంతయు పునాదికే చేరుచుండెను.

లెక్క చూడుడు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల కప్పుపై ఒక్క అంగుళము వాన కురిసినచో సుమారు 1,400 లీటర్ల నీరు దిగును. దానికి మనము దారి చూపనిచో అదియే వెదకుకొనును.

గోడనుండి 10 అడుగుల దూరమునకు నేల 6 అంగుళములు దిగవలెను. గోడమొదట ఒక గూటమును, 10 అడుగుల అవతల మరొకదానిని పాతి, నీరు నింపిన గొట్టముతో సమమట్టము గుర్తించి, దారము కట్టుడు. దారమునుండి నేలకు గల లోతు అవతలి గూటమువద్ద 6 అంగుళములు ఎక్కువ యుండవలెను. పల్లమైన చోట జిగటగల ఎఱ్ఱమన్ను పలుచని పొరలుగా పోసి, కొంచెము తడిపి, దిమ్మిస కొట్టవలెను. ఇసుక కూడదు, అది నీటిని లోనికి జార్చును. పోసిన మన్ను ఇంటి లోపలి నేలకంటె 6 అంగుళములు క్రిందనే ఆగవలెను. పెరడు ఇరుకైనచో గోడ వెంబడి వాలుగా గచ్చు చేయించి, దాని చివర కాలువ తీయవలెను. ఇంకుడుగుంటను గోడకు దూరముగనే త్రవ్వవలెను.

ఇంకొక మాట. మేము వాటము సరిచేసిన పిమ్మట తొలి వానకే నీరు ప్రక్కయింటి గోడకు పోయినది. ఆ కన్నడ కుటుంబమువారు ఒక్క మాటయు అనలేదు; మాకే తలవంపైనది. ఇరువురము కలిసి హద్దు వెంబడి కాలువ త్రవ్వి వీధికాలువకు చేర్చితిమి. ఖర్చు చెరిసగము పంచుకొంటిమి. మన పునాదిని కాపాడు నీరు పొరుగువారి పునాదిని తినరాదు.

కావున తదుపరి వానలో గొడుగు పట్టుకొని పెరటిలో నిలిచి నీటి నడక చూడుడు. వాన వెలిసిన పిదప ముందుగా పొరుగువారిని పిలిచి, ఆ మీదట పార పట్టుడు.