ఓడినవాడికీ ఇంకో ఆట ఉండాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, సంక్రాంతి సెలవుల్లో చేసిన ప్రసంగం)



నాది 1978 పదో తరగతి బ్యాచ్. తపాలా శాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి 2022లో రిటైరయ్యాను. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పండక్కి సభ పెట్టాం, మీరు పది నిమిషాలు మాట్లాడాలి. బీపీ, షుగరు గురించి వద్దు. రాజకీయాలు అసలే వద్దు" అన్నారు. ఆ రెండూ తీసేస్తే మా వయసువాళ్ళకి మాట్లాడ్డానికి పెద్దగా ఏమీ మిగలదు. నాకు మాత్రం ఒకటి మిగిలింది. ఫుట్‌బాల్ పాయింట్ల పట్టిక.

నవ్వండి, ఫర్వాలేదు. అబీద్ సెంటర్లో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా క్రికెట్ స్కోరు చెప్పేవాళ్ళు పదిమంది దొరుకుతారు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో చెప్పేవాడు మాత్రం నాకు తెలిసి మన ఊళ్ళో నేనొక్కణ్ణే. నర్సీపట్నం రోడ్ అని రైలు స్టేషనుంది, అది మన ఊళ్ళో లేదు. నా సంగతీ అంతే. నాకో టీము ఉంది, నేనున్నానన్న సంగతి ఆ టీముకి తెలీదు.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1977లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఇదే గ్రౌండులో తరగతుల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. నెల్లాళ్ళు బడి వదిలాక చీకటిపడేదాకా ఆడాం. నేను గోల్‌కీపర్ని. పోటీ నాకౌట్. అంటే ఓడితే ఇంటికే. ఆట మొదలైన కాసేపటికి ఓ బంతి మెల్లగా దొర్లుకుంటూ నా దగ్గరకొచ్చింది. పట్టుకున్నాననే అనుకున్నాను. చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. ఒకటి-సున్నాతో ఓడిపోయాం. నెల్లాళ్ళ సాధన అరగంటలో అయిపోయింది. ఆ రోజునుంచి పదో తరగతి అయ్యేదాకా నా పేరు "జల్లెడ". ఆ పేరు పెట్టిన మా కెప్టెన్ ఈ సభలోనే మూడో వరసలో ఉన్నాడు. పేరు చెప్పను, నవ్వుతున్నాడు కాబట్టి మీకే తెలిసిపోతుంది.

ఆ బంతి వదిలేసినందుకు నాకిప్పుడు బాధ లేదు. మర్నాడు ఇంకో ఆట లేదు, అదీ బాధ. ఇంకొకటి ఉంటే దిద్దుకునేవాణ్ణేమో. లేదు కాబట్టి మళ్ళీ ఈ గ్రౌండులో అడుగుపెట్టలేదు.

ఇక నలభై రెండేళ్ళు ముందుకి రండి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త జట్టు లీగ్‌లోకి వచ్చింది. మా అబ్బాయి అప్పటికి గచ్చిబౌలిలో ఓ ప్రైవేటు కంపెనీలో చేరాడు. నేను బ్యాంకు పరీక్షలు రాయమన్నాను, వాడు రాయలేదు. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య ఫోన్లో మాటలు రెండే. "తిన్నావా?" "ఆఁ." బాలయోగి స్టేడియం వాడి గదికి దగ్గర, టీము అక్కడే ఆడేది. ఆటకి వెళ్ళానని వాళ్ళమ్మకి చెబితే నేను పక్కనుంచి విన్నాను. అప్పట్నుంచి పేపర్లో ఆటల పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక చూడ్డం మొదలుపెట్టాను. "రాష్ట్రం వేరు కదా, ఆ టీము మనకెందుకు మావయ్యా?" అని మా మేనల్లుడు అడిగాడు. పిల్లాడు అక్కడున్నాడు, అంతే.

మొదటి ఆటే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0తో ఓడారు. ఆ సీజన్ పద్దెనిమిది ఆటల్లో రెండు గెలుపులు, నాలుగు డ్రాలు, పన్నెండు ఓటములు. పది పాయింట్లు. పది జట్లలో పదో స్థానం. నాకు వెంటనే మనవాళ్ళనిపించారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మావాడు ల్యాప్‌టాప్ సంచితో ఇంటికి చేరాడు. ఆ ఏడాది లీగ్ మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగింది. రాత్రిపూట వాడు ఫోన్లో ఆట చూస్తుంటే నేను పక్కన కుర్చీలో కూర్చుని, చూడనట్టుగా చూసేవాణ్ణి. ఓ రోజు ఉండబట్టలేక, "మనకి ఇంకెన్ని కావాలి?" అన్నాను. వాడు నా వైపు తిరిగి చూశాడు. తర్వాత పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి గళ్ళు గీశాడు. గెలిస్తే మూడు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. పదకొండు జట్లు, ఒక్కొక్కరికి ఇరవై ఆటలు. పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాళ్ళకి షీల్డు. మొదటి నలుగురికి ప్లేఆఫ్. ఆ ప్లేఆఫ్ గెలిచినవాళ్ళకి కప్పు. ఇదంతా చెప్పడానికి వాడికి గంట పట్టింది. రెండేళ్ళలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

పట్టిక వెంట పడ్డవాళ్ళకి తెలుస్తుంది, అందులో కొంత మన చేతిలో ఉంటుంది, కొంత పక్కవాడి చేతిలో ఉంటుంది. మన ఆట లేని రోజు కూడా మనకి ఆటే. వాళ్ళు ఓడాలి, వీళ్ళు డ్రా చేసుకోవాలి, గోల్ తేడా ఇంత ఉండాలి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏటండీ ఆ లెక్కలు, పెన్షనా?" అనేది.

2021 ఫిబ్రవరి 28న లీగ్ చివరి రోజు. నాలుగో స్థానం మిగిలింది. ఎఫ్‌సీ గోవాకి 30, మనకి 28, ఆట ఆ రెండు జట్ల మధ్యే. మనవాళ్ళు గెలిస్తే 31తో లోపలికి. డ్రా అయితే గోవా లోపలికి. ఇంకెవరి మీదా ఆధారపడక్కర్లేదు. తొంభై నిమిషాలు అయింది, సున్నా-సున్నా. 29 పాయింట్లతో అయిదో స్థానం.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే కాగితం తీసి చూశాను. ఆరు గెలుపులు, పదకొండు డ్రాలు, మూడే ఓటములు. ఇరవై ఆటల్లో మూడే ఓడి కూడా ప్లేఆఫ్‌కి దూరమయ్యారు. ఆ పదకొండు డ్రాలలో మరొక్కటి గెలుపైతే గోవాతో సమానంగా 31 అయ్యేవి. చివరి రోజు పోయిందని మనం ఏడుస్తాం గానీ, ఆ రెండు పాయింట్లు ఎప్పుడో, ఎవరూ పట్టించుకోని ఓ సాయంత్రం పోయాయి. మా అబ్బాయితో నా లెక్కా అలాంటిదేనని అప్పుడనిపించింది. పెద్ద గొడవేం లేదు. ఓ మాట అనాల్సిన చోట అనకుండా వదిలేసిన రోజులే, అన్నీ డ్రాలే.

మరుసటి సీజన్ పట్టికలో మనవాళ్ళు 38 పాయింట్లతో రెండో స్థానం. జంషెడ్‌పూర్ 43తో షీల్డు తీసుకుంది. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ మీద రెండు ఆటల్లో కలిపి 3-2తో నెగ్గి ఫైనల్ చేరాం. 2022 మార్చి 20, గోవాలో ఫతోర్దా స్టేడియం, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఆ రోజు ప్రేక్షకుల్ని రానిచ్చారు, స్టేడియం అంతా వాళ్ళ పసుపు చొక్కాలే. 68వ నిమిషంలో రాహుల్ కొట్టిన బంతి మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతులకి తగిలి కూడా లోపలికి పోయింది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆ క్షణం ఆ కుర్రాడి మొహం నాకు తెలుసు. 1977లో నాది అదే మొహం.

88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరంనుంచి కొట్టి సమం చేశాడు. అదనపు సమయం కూడా అయిపోయి పెనాల్టీలు వచ్చాయి. అప్పుడు ఆ కట్టిమణే మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు మనది. మావాడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. నేనెందుకు ఏడుస్తున్నానో వాడికి తెలీదు. ఆ రాత్రే ఈ జల్లెడ కథ మొదటిసారి వాడికి చెప్పాను.

కథ అక్కడితో ఆపేస్తే బావుండును. కానీ పట్టిక అక్కడ ఆగదు. మరుసటి ఏడు 42 పాయింట్లతో మళ్ళీ రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో ఓటమి. గెలిపించిన పెనాల్టీలే ఈసారి ఓడించాయి. 2023-24లో డబ్బు ఇబ్బందులొచ్చి పేరున్న ఆటగాళ్ళు సీజన్ మధ్యలో వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళు. ఇరవై రెండు ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, పన్నెండో స్థానం. ప్లేఆఫ్ ఆశ ఎప్పుడో పోయింది. అయినా ఆ కుర్రాళ్ళు ప్రతివారం దిగారు. మార్చిలో చెన్నై వెళ్ళి 1-0తో గెలిచారు. ఆ మూడు పాయింట్లతో పట్టికలో స్థానం మారలేదు. మా ఇంట్లో మాత్రం పాయసం వండారు.

2025లో ఆ జట్టు హైదరాబాద్ వదిలి ఢిల్లీకి వెళ్ళి, పేరు కూడా మార్చుకుంది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మావాడు ఫోన్ చేసి, "ఇప్పుడేం చేద్దాం నాన్నా?" అన్నాడు. "గళ్ళు గీయి, చూద్దాం" అన్నాను. టీము పోయినా మా ఫోను ఆగలేదు. ఇప్పుడు "తిన్నావా" తర్వాత కూడా మాటలున్నాయి.

మిత్రులారా, ఇదంతా ఎందుకు చెప్పానంటే, లీగ్ అనేది పుట్టిందే నాలాంటివాళ్ళ కోసం. ఇంగ్లండులో మొదట పెద్ద పోటీ అంటే నాకౌట్ కప్పే. ఓడిన క్లబ్బుకి తర్వాత నమ్మకంగా ఆటలుండేవి కావు, పెట్టుకున్న ఆటలు కూడా రద్దయిపోయేవి. దాంతో విలియం మెక్‌గ్రెగర్ అనే ఆయన క్లబ్బుల్ని కూర్చోబెట్టి, అందరూ అందరితో ఆడాలన్నాడు. 1888లో పన్నెండు క్లబ్బులతో మొదటి లీగ్ మొదలైంది. నాకౌట్‌లో గెలిచినవాడికే రేపుంటుంది. లీగ్‌లో ఆఖరివాడికి కూడా వచ్చేవారం ఆట ఉంటుంది.

మన తెలుగు నేలకీ ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియాని ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆయన మొదట బడిపంతులు. ఈ సంగతి మన గురువులు వినాలని చెప్తున్నాను.

ఇక నా విన్నపం. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కడదామని కొందరు, స్టేజీ కడదామని కొందరు అంటున్నారు. ఏది కట్టినా నాకు సంతోషమే. అందులోంచి కొంచెం పక్కన పెట్టి గోడకి ఓ నల్లబల్ల, నాలుగు బంతులు, రెండు గోలు స్తంభాల జతలు ఇప్పించండి. ఆరు నుంచి పది దాకా తరగతికి రెండు సెక్షన్లు, మొత్తం పది జట్లు. నాకౌట్ పెడితే తొమ్మిది ఆటలతో అయిపోతుంది, సగంమంది పిల్లలు ఒక్క ఆటతో ఇంటికి పోతారు. లీగ్ పెడితే నలభై అయిదు ఆటలు, ప్రతి జట్టుకీ తొమ్మిది. శనివారానికి రెండు చొప్పున ఇరవై మూడు వారాలు. జూలైలో మొదలుపెడితే సంక్రాంతి లోపు పూర్తవుతుంది. ఆడపిల్లలకి వేరే లీగ్, అదే బల్ల మీద వాళ్ళ పట్టిక. ఆరో తరగతి పిల్లలు పదో తరగతి వాళ్ళతో ఆడలేరంటే చిన్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి రెండు పట్టికలు పెడదాం. పట్టిక రాసే పని నాది. ప్రతి సోమవారం ప్రార్థన కన్నా ముందే వచ్చి సుద్దముక్కతో రాసి వెళ్తాను. లెక్క తప్పితే పిల్లలే నన్ను దిద్దుతారు.

మొదటి నాలుగు జట్లకి సెమీఫైనల్స్ పెడదాం. వచ్చే సంక్రాంతికి మీరందరూ ఊరికి వచ్చినప్పుడు ఈ గ్రౌండులోనే ఫైనల్ చూద్దురు గాని. ఆఖరి స్థానంలో ఉన్న జట్టుని కూడా ఆ రోజు పిలిచి, మనలాంటి ముసలి బ్యాచ్‌తో ఓ ఆట ఆడిద్దాం. మన గోలు ముందు నేను నిలబడతాను. కెప్టెన్‌గా మూడో వరసలో ఉన్న ఆయన రావాలి.

ఏరా, వస్తావా?