పానెల్ మీది నంబరే మనకు సాక్షి

(పొలసరలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో సంఘం కార్యదర్శి ప్రసంగ పాఠం)



సూరత్‌లో సాంచాల మీద పనిచేసి సెలవుకు వచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. స్పిన్నింగు మిల్లుల వాళ్ళున్నారు. బరంపురంలో పట్టుమగ్గం వదిలేసి మిల్లు గేటు పట్టినవాళ్ళూ ఉన్నారు. ఈవేళ నేను జీతం గురించీ, బోనసు గురించీ మాట్లాడను. కరెంటు పానెల్ మీద ఉండే నంబర్ల గురించి మాట్లాడతాను. అది ఎలక్ట్రీషియన్ పని, మనకెందుకు అంటారా? ఎందుకో ముందు చెబుతాను.

నేను పనిచేసిన మిల్లులో ఒక రాత్రి షిఫ్టులో రింగ్ ఫ్రేము ఆగిపోయింది. రిలే ట్రిప్ అయింది. ప్రొడక్షన్ పోతోందని పైనుంచి ఒత్తిడి. మావాడు ఒకడు రీసెట్ నొక్కి నడిపాడు. మళ్ళీ ఆగింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి మోటారు కాలింది, కింద పడివున్న దూది అంటుకుంది. మనుషులు బతికారు, అదే చాలు. కాని మర్నాడు మావాడి చేతిలో ఛార్జిషీటు పెట్టారు, నిర్లక్ష్యం అని. రిలే మీద ఏ నంబరు జెండా పడిందో ఎవరూ రాసుకోలేదు. ఎంక్వయిరీలో మేము చెప్పుకోవడానికి ఒక్క ముక్క లేకపోయింది. ఆ రోజే అనుకున్నాను, ఈ నంబర్లు నేర్చుకోవాలని.

రిలే అంటే కావలివాడు. కరెంటులో తేడా కనిపెట్టి, తెంచమని బ్రేకరుకు చెబుతుంది. ఏ కావలివాడి పని ఏదో తెలియడానికి ఒక్కొక్క పనికి ఒక్కొక్క నంబరు పెట్టారు. 1928లో అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఇప్పుడు దానికి సి 37.2 ప్రమాణం అని పేరు. నూలు కౌంటు మనకు తెలిసిందే కదా. 40 నంబరు నూలు సూరత్‌లోనైనా, కోయంబత్తూరులోనైనా 40 నంబరే. ఇదీ అంతే. పానెల్ మీద గుజరాతీ ఉన్నా, ఇంగ్లీషు ఉన్నా, 51 అంటే 51.

ముఖ్యమైనవి చెబుతాను, రాసుకోండి.

52 అంటే రిలే కాదు, బ్రేకరే.

50 అంటే షార్టు అయి కరెంటు ఒక్కసారిగా విపరీతంగా పెరిగితే ఆలస్యం లేకుండా తెంచేది.

51 అంటే కరెంటు మోతాదు మించితే కాస్త వ్యవధి ఇచ్చి తెంచేది. ఎంత ఎక్కువ మించితే అంత తొందరగా తెంచుతుంది. పక్కన ఎన్ అక్షరం ఉంటే ఎర్త్ లోపాన్ని చూసేదని అర్థం.

49 అంటే మోటారో, ట్రాన్స్‌ఫార్మరో వేడెక్కింది.

46 అంటే మూడు ఫేజుల కరెంటు సమంగా లేదు. ఒక ఫేజు పోతే పడేది ఇదే.

27 అంటే వోల్టేజి పడిపోయింది. 59 అంటే పెరిగిపోయింది.

87 అంటే ట్రాన్స్‌ఫార్మరులోకి పోయిన కరెంటుకూ, బయటికొచ్చినదానికీ లెక్క కుదరలేదు. లోపం లోపలే ఉంది.

86 అంటే లాకౌటు. దీన్ని మాత్రం మరవకండి. పెద్ద లోపం వచ్చినప్పుడు ఇది బ్రేకరుకు తాళం వేస్తుంది. కారణం కనిపెట్టి, సరిచేసి, ఆ తర్వాతే చేత్తో తియ్యాలి.

ఇప్పుడు ఆలోచించండి. 27 పడితే సప్లై చూడాలి. 46 పడితే ఫ్యూజు, వదులైన కనెక్షను చూడాలి. వీటిలో సైడరు చేసిన తప్పేముంది? నంబరు తీర్పు చెప్పదు, నిజమే. ఎక్కడ వెతకాలో చెబుతుంది. రీసెట్ నొక్కగానే పాత రిలేలో ఆ జెండా మాయం. కొత్త డిజిటల్ రిలే అయితే టైముతో సహా జ్ఞాపకం ఉంచుకుంటుంది. ఆ రికార్డు అడిగి తీసుకోవాలి.

పెద్దవాళ్ళు చేసేదీ ఇదే. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు 31న మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. మన ఒడిశా తూర్పు గ్రిడ్‌లోనే ఉంది. దాదాపు 60 కోట్లమంది ఉండే ప్రాంతం అది. విచారణ సంఘం ఏం తేల్చింది? రెండు రోజులూ బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ట్రిప్ కావడంతో మొదలైందని తేల్చింది. ట్రిప్ చేసింది డిస్టెన్స్ రిలే, నంబరు 21. లైనులో షార్టు లేదు. లోడు మితిమీరి ఎక్కడంతో దాన్నే లోపమనుకుని రిలే తెంచింది. రిలేల రికార్డులు లేకపోతే ఈ సంగతి తేలేదా? దేశం గ్రిడ్‌కు రికార్డు చూసి న్యాయం చెప్పారు. మిల్లు కార్మికుడికి మాత్రం రికార్డు చూడకుండా ఛార్జిషీటు ఎలా ఇస్తారు?

ఇంకో మాట. 50, 51 కాపాడేది మోటారునూ, కేబులునూ. మనిషిని కాదు. అవి ఎన్నో ఆంపియర్లు దాటితేగాని కదలవు. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదోవంతు కూడా అక్కరలేదు. మనిషికి కావలసింది మంచి ఎర్తింగూ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే తెంచే ఎర్త్ లీకేజి బ్రేకరూ. చిన్న సాంచా షెడ్లలో పెద్ద పానెల్ ఉండదు, స్టార్టరులో ఓవర్‌లోడు రిలే ఒక్కటే ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్ళు ముందు ఈ బ్రేకరు ఉందో లేదో చూసుకోండి.

మన కోరికలు నాలుగే. ప్రతి పానెల్ పక్కన ఈ నంబర్ల పట్టిక తెలుగులో, ఒడియాలో పెట్టాలి. ట్రిప్ అయితే మిషను, టైము, నంబరు పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం పెట్టిన తర్వాతే రీసెట్ చెయ్యాలి. 86 మీద అర్హతగల ఎలక్ట్రీషియన్ తప్ప మరెవరూ చెయ్యి వెయ్యకూడదు. రిలేలు కట్టెయ్యడం మానాలి, వాటిని పరీక్షించిన కాగితం కార్మికులకు చూపాలి.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకోండి. రీసెట్ నొక్కమని ఎవరైనా తొందరపెడితే, "నంబరు రాసుకున్నాక" అనండి. కారణం చూడకుండా 86 తియ్యమంటే, "కాగితం మీద రాసివ్వండి" అనండి. మావాడికి ఆ రాత్రి ఈ రెండు మాటలు తెలియలేదు. మీకు తెలిశాయి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!