కోడిగ్రుడ్డులో అయోడిన్

చిత్తూరు ప్రాంతపు పల్లెలలో పెట్టను పొదుగుకు కూర్చుండబెట్టిన ఇల్లాలు ఇరువది ఒక్క దినాలు లెక్క పెట్టుకొంటుంది. నడుమ ఒకనాడు గ్రుడ్డును దీపానికి ఎదురుగా పట్టి, లోపల పిండం నిలిచినదో లేదో చూచుకొంటుంది. ఆ పెంకు గుండా గాలి పోగలదు, వెచ్చదనం పోగలదు. ఆహారం మాత్రం పోజాలదు. పిల్లకు కావలసిన పోషణ అంతా తల్లి ముందుగానే అమర్చి ఉండాలి. అట్లా అమర్చిన వాటిలో మిక్కిలి స్వల్పమైనది, అయినా లేకుంటే గడవనిది అయోడిన్.

ఈ మూలకాన్ని 1811లో ఫ్రాన్సు దేశీయుడు కూర్త్వా సముద్రపు నాచు బూడిదలో కనుగొన్నాడు. 1914లో అమెరికాలో కెండాల్ అనే శాస్త్రజ్ఞుడు థైరాయిడ్ గ్రంథి నుండి థైరాక్సిన్ అనే హార్మోనును వేరు చేశాడు. దాని ఒక్కొక్క అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటవి.

పొదుగు మొదలైన రెండు మూడు దినాలలోనే పిండం గొంతు అడుగున ఈ గ్రంథికి అంకురం ఏర్పడుతుంది. పిమ్మట అది రెండుగా విడిపోయి, మెడ మొదట ఇరుప్రక్కల నిలుస్తుంది. మొదటి వారం ముగిసే వేళకు పచ్చసొనలోని అయోడిన్‌ను రక్తం ద్వారా గ్రహించి కూడబెట్టడం ఆరంభిస్తుంది. పది పదకొండు దినాలకు హార్మోనును నిలువచేసే సన్నని తిత్తులు అందులో కనిపిస్తవి. కూడబెట్టిన దానికి అసలైన వినియోగం చివరి దినాలలో. అప్పుడు రక్తంలో హార్మోను ఉధృతంగా పెరుగుతుంది. ఊపిరితిత్తులు గాలి పీల్చడానికి, మిగిలిన సొన కడుపులోనికి చేరడానికి, ఒంటిలో వేడి పుట్టడానికి అది తోడ్పడుతుంది. కనుకనే కోడిపిల్ల పుట్టిన నాడే పరుగెత్తగలదు. గోపురాల గూళ్ళలో కన్ను తెరవక పుట్టే పావురపు పిల్లకు ఈ గ్రంథి పరిపక్వత చాలవరకు పుట్టిన తరువాతనే.

అయోడిన్ కొరవడిన మేతతో పెట్టలను పెంచి చూచిన ప్రయోగాలలో, పిండాల థైరాయిడ్ గ్రంథులు ఉబ్బినవి. పిల్లలు ఆలస్యంగా బయటపడినవి. సొన కడుపులోనికి చేరడం వెనుకబడినది. అయోడిన్ మితి మీరినా పొదుగుకు హానియే. ధాన్యపు గింజలలో ఇది స్వల్పం గనుక, పిల్లల కొరకు పెంచే పెట్టల మేతలో ఖనిజ మిశ్రమం తగు పాళ్ళలో ఉండాలి. మోతాదు విషయమై పశువైద్యులను సంప్రదించడం మేలు. 1955లో వెలసిన తిరుపతి పశువైద్య కళాశాల మన చెంతనే ఉన్నది.

ఇక మన ఇంటి మాట. మానవ శిశువు కూడా మొదటి నెలలలో తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. సుమారు మూడవ నెలలో దాని గ్రంథి పని ఆరంభించిన తరువాత కూడా అయోడిన్ తల్లి నుండియే రావాలి. అది బాగా కొరవడితే బిడ్డ మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. సముద్రపు ఉప్పే గదా, కల్లుప్పులో అయోడిన్ ఉండదా అని కొందరు అడుగుతారు. సహజంగా అందులో ఉండేది అత్యల్పం. అందుకే అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మరాదని 2006లో మన దేశంలో నిషేధించారు. కొనేటప్పుడు పొట్లం మీది గుర్తు చూచి కొనండి. ఇంటిలో మూత గట్టిగా పెట్టి, పొయ్యికి దూరంగా ఉంచండి.

పెంకు మూసుకొన్న పిమ్మట పెట్ట తన లోటును దిద్దుకొనలేదు. మన తల్లులకు ఆ అవకాశం దినదినమూ ఉన్నది.