కొట్టంలో ట్రాక్టరు - బాటరీ జాగ్రత్త



దాళ్వా పనులు ముగిశాక ట్రాక్టరును కొట్టంలో పెట్టేస్తాం. ప్రకాశం బ్యారేజి నుంచి కాలువలకు నీరొచ్చాక దమ్ముకు తీస్తే ఇంజను తిరగదు. మెకానిక్కు దొరికేలోగా నారు ముదిరిపోతుంది.

బాటరీ వాడకపోయినా తనంతట తాను దిగిపోతుంది. రోహిణీకార్తె ఎండలకు మరీ త్వరగా దిగుతుంది. అలాగే వదిలేస్తే సీసపు పలకలపై సల్ఫేటు పొర గట్టిపడి, మళ్లీ చార్జి సరిగా ఎక్కదు.

అందుచేత ట్రాక్టరు ఆపేముందే బాటరీని నిండుగా చార్జి చేయించండి. మూతలు తీసే రకమైతే తగ్గిన మేరకు డిస్టిల్డు వాటరే పోయండి. బోరునీరు, యాసిడు పోయవద్దు. స్విచ్చులన్నీ ఆపి, ముందు మైనస్ తీగ, తరువాత ప్లస్ తీగ విప్పండి. బిగించేటప్పుడు ప్లస్ తీగే ముందు. ఇలా చేస్తే పానా ట్రాక్టరుకు తగిలినా నిప్పురవ్వ లేవదు.

నెలకోసారి మీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4కు తగ్గితే వెంటనే చార్జి చేయించాలి. అయిదు నిమిషాలు ఇంజను నడిపి ఆపేస్తే చాలదండీ. స్టార్టరు తిన్న కరెంటే సరిగా పూడదు. చార్జి చేసేటప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది కనుక దగ్గర చుట్ట, బీడీ కాల్చకండి.

ఎడ్లను వేసవిలో మేపి ఏరువాకకు సిద్ధం చేసినట్టే, బాటరీనీ కాచుకోండి.