గృహములలో రేడాన్ వాయువు - పరీక్షావశ్యకత



ధూమమును జూచి అగ్ని కలదని యూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. పొగ కానవచ్చును గనుక నిప్పు తెలియును. రంగును, వాసనయు, రుచియు లేక యింటిలో నిలిచియుండు కీడును తెలిసికొను టెట్లు? రేడాన్ అట్టి వాయువు. పంచేంద్రియములలో నొక్కటియు దానిని పట్టజాలదు. దాని విషయమున కొలతయే ప్రమాణము.

1984వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునందు, లిమెరిక్ అను అణువిద్యుత్కేంద్రమున నొక విచిత్రము జరిగెను. అచట పనిచేయు నొక ఇంజనీరు ద్వారముకడ నున్న పరీక్షాయంత్రమును దాటినప్పుడెల్ల ప్రమాదఘంట మ్రోగుచుండెను. కేంద్రమున విద్యుదుత్పత్తి యింకను ఆరంభము కాలేదు. పనికి వచ్చుచు లోనికి అడుగిడునప్పుడు సైతము ఘంట మ్రోగుటచే, దోషము కేంద్రమున గాక ఆతని యింట గలదని తేలినది. కొలిచి చూడగా ఆ యింట లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ కనబడెను. ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ 4 పికోక్యూరీలకే నివారణోపాయము చేయవలెనని చెప్పుచున్నది. ఆ కుటుంబము వెంటనే యిల్లు విడువవలసి వచ్చినది. వింత యేమనగా, ప్రక్క యింట ఇట్టి దోషము లేదు! పొరుగువాని పొలము శిస్తు చూచి తన పొలము శిస్తు కట్టుకొనుట యెట్టిదో, పొరుగింటి కొలతను నమ్ముకొనుటయు నట్టిదే.

రాతియందును మట్టియందును గల యురేనియము క్రమముగా క్షయించి రేడియమగును. రేడియమునుండి రేడాన్ పుట్టును. ఇది 3.8 దినములలో సగము క్షయించును. ఆ లోపుననే నేల బీటలగుండ, గొట్టముల సందులగుండ ఇంటిలోనికి ఎగబ్రాకును. ఆరుబయట గాలిలో కలిసి పలుచబడును. మూసిన యింట పోగుపడును. దానినుండి పుట్టు పొలోనియము మొదలగు కణములు శ్వాసతో ఊపిరితిత్తులలో నాటుకొని పుండుపుట్టునకు కారణమగును. జర్మనీలోని ష్నీబెర్గ్ గనికూలీల ఊపిరితిత్తుల వ్యాధి పుండుపుట్టేయని 1879లో వైద్యులు గుర్తించిరి. రేడాన్ అను పేరైనను అప్పటికి పుట్టలేదు. పొగ త్రాగువారి గతి మరింత దారుణము: 4 పికోక్యూరీల యింట జీవితాంతము వసించిన వారిలో, పొగ త్రాగనివారు వేయిమందికి 7గురు, త్రాగువారు 62మంది ఈ వ్యాధి పాలగుదురని ఆ సంస్థ అంచనా. చుట్ట విడువని పెద్దలు ఈ లెక్కను రెండుమారులు చదువుదురు గాక!

పరీక్ష కష్టమైనది కాదు. బొగ్గు నింపిన చిన్న డబ్బీని, ఇంట నివసించు గదులలో అన్నిటికంటె క్రిందిదానియందు 2 మొదలు 7 దినములు ఉంచి ప్రయోగశాలకు పంపుదురు. పరీక్షకు 12 గంటల ముందునుండియు, అది ముగియువరకును కిటికీలు మూసియుంచవలెను. వంటయింటను స్నానపుగదిలోను ఉంచరాదు. ఋతువునుబట్టి వాయువు హెచ్చుతగ్గులగును గనుక 90 దినములకు మించిన దీర్ఘపరీక్ష మరింత నమ్మదగినది.

ఇది పరదేశపు ముచ్చటయని తీసివేయరాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గనియే కలదు. తలుపులు తెరచి, వసారాలలో ప్రొద్దుపుచ్చు అలవాటు తెలుగు పల్లెలను చాలవరకు కాపాడినది. శీతలయంత్రములకై కిటికీలు బిగించు ఇండ్లకు ఆ రక్షణ లేదు. మరియు పెన్సిల్వేనియా, న్యూజెర్సీ ప్రాంతములలో తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. అచటి ఇండ్లకు నేలమాళిగలుండును. పిల్లల ఆటలును, పెద్దల కార్యాలయపు పనులును తరచుగా అందే. మనుమల క్షేమమును ఫోనులో విచారించు తాతలు, ఇల్లు కొలిపించితిరా యని కూడ అడుగదగును.

దోషము కనబడినను ఇల్లు విడువ బనిలేదు. నేల పలక క్రిందికి గొట్టము దింపి, చిన్న విద్యుత్ పంకాతో ఆ గాలిని లాగి పైకప్పు మీదుగా వెడలగొట్టుదురు. పెన్సిల్వేనియా కుటుంబమును ఇంటికి మరమ్మతులు చేసిన పిమ్మట తిరిగి అందే కాపురముండెను. అయితే పంకా ఆగినచో వాయువు మరల చేరును. కావున ఇట్టి ఇండ్లను రెండేండ్లకొకమారు తిరిగి కొలువుడని ఆ సంస్థ చెప్పుచున్నది.